కొమ్ము లేని తప్పు

షామీర్‌పేట,
10 సెప్టెంబరు 2000.

బామ్మర్ది గండయ్యకు బావ బాలమల్లు రాయునది.

నా రాత వంకరగా ఉంటుంది. అక్షరాల్లో తప్పులు కూడా ఉంటాయి. నాలుగో తరగతిలో బడి మానేసిన చెయ్యి ఇది, తెడ్డు పట్టినంత బాగా కలం పట్టదు. కూడబలుక్కుని చదువుకో, ఏమీ అనుకోకు.

మీ అక్క పోయిన సోమవారం పొద్దున మేడ్చల్ బస్సెక్కింది. గౌడవెల్లికి క్షేమంగా చేరిందా? చేరే ఉంటుంది. చేరకపోతే నువ్వు ఈపాటికి వచ్చి నా మీద పడేవాడివి.

ఇక్కడ క్షేమమే. పక్కింట్లోనే ఉన్న కోడలు రెండు పూటలా అన్నం పంపుతోంది కాని మాట్లాడడం లేదు. ఆమెది అత్త పక్షం.

మీ అక్క నీతో ఏమి చెప్పిందో నాకు తెలియదు. చెప్పకపోతే నువ్వు అడగకు. చెప్పి ఉంటే, ఏమి చెప్పిందో నాకు రాయి.

చెరువు నిండింది. మత్తడి మీది నుంచి నీళ్ళు దుంకుతున్నాయి. నేను చూసి ఎన్నేండ్లయిందో.

జవాబు రాయి.

బాలమల్లు


గౌడవెల్లి,
18 సెప్టెంబరు 2000.

బావకు గండయ్య నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. చదవడానికి అరగంట పట్టింది. ముప్పై ఏండ్లు బడిలో అటెండరుగా చేసిన వాణ్ణి, పిల్లల కాపీ రాతలు ఎన్ని చూశాను! సార్లే వచ్చి "గండయ్యా, గీ మాటకు వత్తు ఏడ పెట్టాలె?" అని నన్నడిగేవారు. నీ రాత ముందు నేను కూడా కండ్లద్దాలు తుడుచుకోవలసి వచ్చింది.

అక్క చెప్పింది. మొదటి రోజు చెప్పింది, రెండో రోజు చెప్పింది, ఇప్పుడు వాడకట్టు మొత్తానికి చెబుతోంది. బతుకమ్మకు ఇంత ముందే వచ్చినవేమక్కా అని అడిగినవాళ్ళను కూర్చోబెట్టి మరీ చెబుతోంది. ఆమె మాటల్లోనే రాస్తాను:

"చెరువు నిండింది గదా, పెండ్లైన కొత్తల తిరిగిన తావులన్ని ఒక్కపారి తెప్ప మీద తిప్పమన్న. వల ఒద్దు, ఉత్తగనే, షికారుకు. గాయినేమన్నడు? వల లేకుంట మొగుడు పెండ్లాం తెప్పెక్కితె ఊరోళ్లు నవ్వుతరన్నడు. సరే తియ్ అని ఊకున్న. ఆదివారం చేపల గంప ఎత్తుకోని చెర్వు కట్టెక్కి సూస్తె, తెప్ప మీద ఎవలో కార్ల దిగిన సార్‌ను, అమ్మను కూసోవెట్టుకోని ఉత్తగనే తిప్పుతున్నడు! గా అమ్మ యాడ కూసున్నది? ముందల. నా తావుల!"

ఇది నిజమేనా బావా? నిజమైతే నేను నీ పక్షం మాట్లాడలేను. అబద్ధమైనా మాట్లాడలేను, ఎందుకంటే అక్క నా ఇంట్లో ఉంది.

నా గతి కూడా విను. అక్క నన్ను చుట్ట తాగనివ్వడం లేదు. మా ఇంటామె, అదే మీ చెల్లె, వండిన పులుసులో చింతపండు ఎక్కువైందని రోజూ అంటోంది. మీ చెల్లె నన్ను చూస్తోంది. నేను గోడను చూస్తున్నాను.

అక్క నిన్ను రెండు మాటలు అడగమంది. "తెప్ప ఎవలది? తప్పు ఎవలది? రెండింటికి జవాబు రాయమను" అంది. తెప్ప వెదుర్లు మా నాయిన తోటవి, లారీ ట్యూబులకు వాటిని కట్టింది ఆమె చేతులు అని కూడా గుర్తు చేయమంది.

జల్దీ రాయి. నా కోసమైనా రాయి.

గండయ్య


షామీర్‌పేట,
25 సెప్టెంబరు 2000.

బామ్మర్ది గండయ్యకు,

నీ ఉత్తరం చేరింది. జరిగింది రాస్తాను, మీ అక్కకు చదివి వినిపించు.

ఆ వచ్చినాయన పేరు వెంకటరామయ్య. పేట్ బషీరాబాద్‌లో కొత్త కాలనీ. ఆంధ్ర వాళ్ళు, ఉద్యోగం చేసి రిటైరైనాయన. భార్య పేరు చాలా పొడుగు, బాలాత్రిపురసుందరి. ఆదివారం చెరువు చూడడానికి వచ్చారు. నేను తెప్ప ఒడ్డుకు లాగుతుంటే దగ్గరికి వచ్చి, "ఏవండీ పెద్దాయనా, ఒక్కసారి అలా తిప్పి తీసుకొస్తారా? పెళ్ళైన కొత్తల్లో గోదావరి మీద లాంచీలో తిరిగాం. ఈ నీళ్ళు చూడగానే మా ఆవిడకి అది గుర్తొచ్చిందండీ" అన్నాడు. నాకు అండీ అని ఎవరూ అనరు. తల ఊపాను. ఊపేసరికి ఇద్దరూ ఎక్కేశారు.

ఆమె ముందు కూర్చుంది. ఎక్కడ కూర్చోవాలో నేను చెప్పలేదు.

ఇంతే జరిగింది.

మీ అక్క అడిగిన మాటకు జవాబు. తప్ప నాదే. ఈ సంగతి ముప్పై ఏండ్ల నుంచి చెరువు మీద అందరికీ తెలుసు. మీ అక్కకూ తెలుసు. నాదని చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.

కోడలు ఇంకా మాట్లాడడం లేదు.

జవాబు రాయి.

బాలమల్లు


గౌడవెల్లి,
3 అక్టోబరు 2000.

బావా,

నువ్వు మనిషివి కాదు, దేవుడివి. మా ఇంట్లో ఏమి జరిగిందో విను.

ఉత్తరం వచ్చేసరికి అందరం వాకిట్లో ఉన్నాం. అక్క బియ్యం చెరుగుతోంది. మా కోడలు సరళ పూలు గుచ్చుతోంది. నేను కండ్లద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాను. కారు వాళ్ళ కథ వింటున్నంతసేపు అక్క చాట ఇంకా గట్టిగా కొట్టింది. చివరికి వచ్చాను. "తప్పు నాదే" అని చదివాను. చాట ఆగిపోయింది.

నువ్వు 'ప్ప' కు కొమ్ము పెట్టడం మరిచిపోయావు. నేను పెట్టి చదివాను. ముప్పై ఏండ్లు బడిలో ఉండి ఆ మాత్రం సర్దుకోలేనా?

అక్క, "ఇంగోపారి సదువు" అంది.

చదివాను.

"గాయినే రాసిండా? ఎవలతోనన్న రాపిచ్చిండా?"

"గిట్లాంటి గీతలు ఇంకెవలకి రావక్కా."

"అయితె ఇంగోపారి సదువు."

మూడోసారి 'నాదని చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు' దగ్గరికి వచ్చేసరికి మీ చెల్లె కండ్లు తుడుచుకుంది. "ముప్పై అయిదేండ్ల కాపురంల గీ మాట మా ఆయిన నోట్ల నుంచి ఒక్కపారి రాలే" అని నా వైపు చూసింది. నీ వల్ల నాకు ఇంకో గొడవ మొదలైంది. ఫరవాలేదు.

అక్క అడిగిన రెండింటిలో ఒక్కదానికే జవాబు రాశావు. కాని అసలైన దానికి రాశావు. తెప్ప సంగతి ఆమె మళ్ళీ ఎత్తనే లేదు.

వస్తానంటోంది. దసరా, దీపావళి ఇక్కడ చేసుకుని వస్తుందట. ఒక షరతు. ఆదివారం పూట, కట్ట మీద అందరూ చూస్తుండగా, వల లేకుండా, నాలుగు తావులూ తిప్పాలి: తూము మడుగు, తామర కుంట, గుండ్ల రేవు, కొంగల తిప్ప. ఒక్కటి తగ్గినా మళ్ళీ మేడ్చల్ బస్సే అంది.

నిన్న తనే నా చుట్ట నా చేతికిచ్చింది. బావా, ఆ ఉత్తరాన్ని పటం కట్టించాలి.

గండయ్య


షామీర్‌పేట,
11 అక్టోబరు 2000.

గండయ్యా,

ఇది నువ్వొక్కడివే చదువు. వాకిట్లో చదవకు. పొలం గట్టు మీదికి పోయి చదువు.

నేను తప్పు అని రాయలేదు. తెప్ప అని రాశాను. తెప్ప నాదే అని రాశాను. వెదుర్లు మామవైనా, కట్టింది మీ అక్కైనా, తోసేది నేను కాబట్టి తెప్ప నాదే అని నా పంతం. నేను మరిచింది ముందుండే ఎత్వం. నువ్వు పెట్టింది వెనకుండే కొమ్ము.

నీ ఉత్తరం వచ్చినప్పుడు కోడలితో చదివించుకున్నాను. ఆమె కూడా సంబరపడింది. "మామా, మంచి పని జేసినవ్" అని మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ రోజు గుడ్డు కూడా వేసింది కూరలో. నేను తినలేకపోయాను.

చెరువు మీద మాకొక పద్ధతి ఉంది. నీకు తెలుసు. పక్కవాడి వలలో పడ్డ చేపను ముట్టం. వాడు చూడకపోయినా ముట్టం. ఇప్పుడు మీ అక్క వస్తున్నది నా మాట విని కాదు. నీ కొమ్ము విని. అట్లా వస్తే నేను ఆమెను ఎట్లా తెప్ప ఎక్కించుకోవాలి? నలుగురిలో ఎక్కించుకోవడానికే ఒకసారి సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆమె ఒక్కదాని ముందే సిగ్గుపడాలి.

చెప్పకపోతే దొంగతనం. చెబితే రాదు. ఇల్లు ఏమీ బాగాలేదు గండయ్యా. పొయ్యి దగ్గర కూర్చుంటే ఎవరూ తిట్టడం లేదు.

ఏమి చేయాలో రాయి. జల్దీ రాయి.

బాలమల్లు


గౌడవెల్లి,
18 అక్టోబరు 2000.

బావా,

నీ ఉత్తరం గట్టు మీదే చదివాను. చదివి అక్కడే కూర్చున్నాను. బర్రె పక్కవాళ్ళ మక్క చేనులో పడింది, అది కూడా చూసుకోలేదు. ఇంటికి వచ్చి ఉత్తరాన్ని జొన్నల గుమ్మిలో దాచాను. అక్క ఆ గుమ్మి పక్కనే పడుకుంటుంది. మూడు రోజుల నుంచి నాకు అన్నం సహించడం లేదు.

నా పరువు ఒకటి పోయింది. ముప్పై ఏండ్లు బడిలో ఉన్నాను అని ఇక ఎవరికీ చెప్పను.

ఒక నిజం నేనూ చెబుతాను. ఆ రోజు నాకు అనుమానం వచ్చింది. ఇది బావ రాసే మాట కాదే అనుకున్నాను. కాని అక్క ఎదురుగా చాట పట్టుకుని కూర్చుంది. ఆమె మొహం చూస్తే నాకు కొమ్మే తోచింది. ఏ మాట కావాలని కూర్చుందో ఆ మాటే నా నోట్లోకి వచ్చింది. ఇందులో నా పాపం కూడా సగం ఉంది.

ఏమి చేయాలని అడిగావు. నేను నిన్నొకటి అడుగుతాను. అక్క రెండు ప్రశ్నలు పంపింది. తెప్ప ఎవరిదో నువ్వు రాశావు. మంచిది. తప్పు ఎవరిది? దానికి ఇంకా జవాబు రాయలేదు నువ్వు. అది రాయి.

రాస్తే అక్క పేరుకే రాయి. నేను చదవను. సరళ చదువుతుంది. తొమ్మిది దాకా చదివిన పిల్ల, ఉన్నది ఉన్నట్టు చదువుతుంది. కొమ్మూ కలపదు, ఎత్వమూ కలపదు. వస్తే వస్తుంది. రాకపోతే ఇద్దరం కలిసి తిట్లు తిందాం.

నీ ఉత్తరాన్ని గుమ్మిలోంచి ఎట్లా తీయాలో నాకు తెలియడం లేదు.

గండయ్య


షామీర్‌పేట,
25 అక్టోబరు 2000.

బుచ్చవ్వకు,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు పాడు చేశాను. సరళా, బిడ్డా, మెల్లగా చదువు.

గండయ్య నీకు చదివి వినిపించిన మాట నేను రాసింది కాదు. నేను తెప్ప నాదే అని రాశాను. ఎత్వం మరిచాను. గండయ్యను తిట్టకు. అతను మంచికే చదివాడు.

నువ్వు తిప్పమన్నప్పుడు, ఔనంటే ఊరోళ్ళు ఏమంటారో అని సిగ్గుపడ్డాను. ఆ కారు వాళ్ళు తిప్పమన్నప్పుడు, కాదంటే వాళ్ళు ఏమనుకుంటారో అని సిగ్గుపడ్డాను. నా సిగ్గు రెండుసార్లూ నీ మీదే పడింది.

ఆమె ముందు కూర్చున్నప్పుడు నేను చూశాను. అక్కడ కాదమ్మా, ఇటు కూర్చోండి అని అనవలసింది. అనలేదు. కట్ట మీద నువ్వు గంప దించి నిలబడడం కూడా చూశాను. చూడనట్టు తెడ్డు వేశాను. ఈ సంగతి గండయ్యకు కూడా రాయలేదు.

ఇప్పుడు రాస్తున్నాను. కోడలికి చూపించి, సరిగా ఉందా అని అడిగి రాస్తున్నాను.

తప్పు నాదే.

చివర కొమ్ము ఉంది. సరళా, అక్కడ వేలు పెట్టి చూపించు.

తెప్ప సంగతి నీ ఇష్టం. నీదంటే నీదే.

నువ్వు రాకపోయినా జవాబు పంపు.

బాలమల్లు


గౌడవెల్లి,
1 నవంబరు 2000.

పెద్దయ్యకు సరళ నమస్కారాలు. పెద్దమ్మ చెబుతుంటే రాస్తున్నాను. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను, తరువాత నన్ను ఏమీ అనవద్దు.

"ఏమయ్యా, నీ కాయితం వచ్చింది. నాకు సదువు రాదు గని నువ్వెట్ల మాట్లాడ్తవో నాకు ఎర్క లేదా? గండడు తప్పు నాదే అని సదవంగనే నేననుకున్న, గీయిన గిట్ల రాసేటోడు గాదు, తెప్ప గురించే ఏదో రాసుంటడని. ఎర్కుండి గూడ మూడుపార్లు సదివిపిచ్చుకున్న. ఎందుకంటవా? వినబుద్ధైంది. అబద్దమే అయినా చెవులకు మంచిగనిపిచ్చింది.

దసరా, దీపావళి ఈడ్నె చేసుకోని వస్త అని నేను పెట్టుకున్న గడువు గూడ గందుకే. గీ నడుమ నువ్వు నిజం చెప్తవా, గండని కొమ్ము కింద దాక్కుంటవా సూద్దామని. దాక్కుంటె వత్తుంటి, గని నోరు తెరిశి ఒక్క మాట మాట్లాడకపోదును.

గుమ్మిల కాయితం దొరికింది. జొన్నలు తీస్తుంటె చేతికొచ్చింది. సరళతోని సదివిపిచ్చుకున్న. పొయ్యి కాడ తిట్టేటోళ్లు లేరని రాసినవంట. వస్తున్న, నిమ్మళంగుండు."

(ఇది రాయవద్దని ఇప్పుడు అంటోంది. రాసేశాను.)

"నాలుగు తావుల్ల ఒక్కటి తగ్గొద్దు. వల తెప్ప మీద కనపడొద్దు. ట్యూబులల్ల గాలి సూడు, మనిద్దరం ఎనుకటి మనుషులం గాం, బరువైనం. శుక్రారం దిగుత. బస్సు కాడికి రాకు, మల్ల సిగ్గువడి సస్తవ్."

పెద్దయ్యా, కొమ్ము మీద వేలు పెట్టి చూపించాను. ఆమె కూడా వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

సరళ


షామీర్‌పేట,
13 నవంబరు 2000.

బామ్మర్ది గండయ్యకు బావ రాయునది.

మీ అక్క వచ్చి పది రోజులైంది. నేను బస్సు దగ్గరికి పోయాను. ఆమె దిగి, "రావద్దన్న గదా" అని మూట నా నెత్తిన పెట్టింది.

నిన్న ఆదివారం తిరిగాం. నేను పెద్దగా రాయలేను. ఉన్నది రాస్తాను.

ఎనిమిది గంటలకు బయలుదేరాం. సద్ది కట్టింది. జొన్న రొట్టెలు, ఇంట్లో వేయించిన చేపలు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను చేపల్ని ఇంటి నుంచి చెరువుకు తీసుకుపోయాను. ఆమె ముందు కూర్చుంది.

తూము మడుగు దగ్గర పెండ్లైన ఏడాది ఆమె నీళ్ళపాము అని అరిచి నన్ను గట్టిగా పట్టుకుంది. అది నా పంచె కొసే. నిన్న గుర్తు చేస్తే, "పంచె అని నాకప్పుడే ఎర్క" అంది. ముప్పైతొమ్మిది ఏండ్లు ఈ మాట దాచింది చూడు.

తామర కుంటలో ఇప్పుడు తామరలు లేవు. అంతా తుంగ. అప్పుడు పువ్వు కోయబోయి నేను నీళ్ళలో పడితే జుట్టు పట్టి లాగింది ఈమే. "ఇప్పుడు పడకు, పట్టుకోనీకి జుట్టు లేదు" అంది. అక్కడ చాలాసేపు నవ్వింది. తెప్ప తనంతట తానే తుంగలోకి పోయి ఆగింది. తెడ్డు వేయాలని ఇద్దరికీ తోచలేదు.

గుండ్ల రేవు కనబడలేదు. వల ఆరేసుకునే పెద్ద రాతిగుండు నీళ్ళ కిందికి పోయింది. ఇక్కడ కాదు అక్కడ అని కొంతసేపు కొట్లాడుకున్నాం. ఆమె తెప్ప మీది వెదురు గడ తీసుకుని అక్కడక్కడ పొడిచి చూసింది. ఒక చోట టక్కుమంది. "ఉన్నది" అంది. ఇంకోసారి పొడిచి మళ్ళీ విన్నది.

కొంగల తిప్ప మీద సద్ది తిన్నాం. కొంగలు మా చేపలు చూశాయి. తిన్నాక ఆమె ఇసుకలో ఒరిగి కునుకు తీసింది. నేను ఏమీ చేయలేదు. పని లేకుండా చెరువు మీద కూర్చోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. బాగుంది.

వచ్చేటప్పుడు కట్ట పక్కగానే రావాలి. ఆదివారం కదా, పట్నం నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. మావాళ్ళు కూడా వలలు బాగు చేసుకుంటూ వరసగా కూర్చున్నారు. దూరంగా పోదామా అని అడగబోయాను. అడగలేదు.

వాళ్ళలోంచి ముత్తయ్య లేచి కేక వేశాడు. "ఏం మల్లన్నా! చేపలు పడ్డయా?"

ఎప్పుడైనా నేను తల ఊపి పోతాను. ఆమె వీపు చూశాను. కదలడం లేదు. వింటోంది.

"చేపలకు రాలే" అన్నాను.

"మరి దేనికొచ్చినవే?"

"మా ఆమెను తిప్పనీకి."

కట్ట మీద ఎవరో నవ్వారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను తెడ్డు వైపే చూశాను. మీ అక్క వెనక్కి తిరగకుండానే అంది, "ముత్తయ్యకు చెవులు వినొస్తలేవు. గట్టిగ అను."

ముత్తయ్య చెవులు నా చెవుల కంటే మంచివి. అయినా లేచి నిలబడ్డాను. తెప్ప ఊగింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి మళ్ళీ అన్నాను. ఈసారి పేరు పెట్టి అన్నాను. మత్తడి గోడకు తగిలి ఆ పేరు మళ్ళీ మా దగ్గరికి వచ్చింది.

ఆమె అప్పుడు తిరిగి నన్ను చూసింది. "కూసో, పడ్తవ్" అంది.

కూర్చున్నాను.

వచ్చే ఆదివారం మళ్ళీ పోదామంటోంది. నిన్నూ చెల్లెనూ కూడా రమ్మంటోంది. నలుగురం ఎక్కాలంటే తెప్పకు ఇంకో రెండు ట్యూబులు కట్టాలి. వస్తారో రారో తేలితే కడతాను. జల్దీ జవాబు రాయి.

బాలమల్లు